బురిరామ్ మోటోజీపీకి వెళ్తున్నాం: బ్యాంకాక్‌లో బైక్ అద్దె, ఇన్సూరెన్స్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

అలిపిరి_రైడర్
డిసెంబర్ 3, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. 2023 సెప్టెంబర్‌లో నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీ బైక్ రేసు జరిగినప్పుడు సెలవు దొరక్క వెళ్లలేకపోయాను. మళ్లీ ఇండియాకు వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. ఇక ఆగడం నా వల్ల కాలేదు. మార్చి 1న థాయిలాండ్‌లోని బురిరామ్‌లో సీజన్ మొదటి రేసు. నేనూ మా బావా చెన్నై నుంచి బ్యాంకాక్‌కు టికెట్లు తీసేశాం.

బ్యాంకాక్ నుంచి బురిరామ్ దాదాపు 400 కిలోమీటర్లు. బండి మీద వెళ్లాలని ఇద్దరికీ కోరిక. ఒక షాపు వాళ్లతో మాట్లాడాను. 500 సీసీ బండి ఇస్తామన్నారు. ‘ఇన్సూరెన్స్ ఇంక్లూడెడ్’ అని మెసేజ్ పెట్టారు. డిపాజిట్ కింద పాస్‌పోర్ట్ తమ దగ్గరే ఉంచుకుంటారట. ట్రావెల్ ఇన్సూరెన్స్ టికెట్‌తో పాటే తీసుకున్నాం. ఇంకేమైనా కావాలా? ఇద్దరికీ లైసెన్సులు ఉన్నాయి. వెళ్లొచ్చినవాళ్లు ఒక్క మాట చెప్తే ధైర్యంగా ఉంటుంది.

రేణిగుంట_రన్‌వే
డిసెంబర్ 3, రాత్రి 9:40

బ్రదర్, రేసు చూడ్డానికి బండి ఎందుకు? డాన్ మువాంగ్ ఎయిర్‌పోర్ట్ నుంచి బురిరామ్‌కు విమానం ఉంది. బ్యాంకాక్ నుంచి రైలు కూడా నేరుగా వెళ్తుంది. అలవాటు లేని దేశంలో 400 కిలోమీటర్లు నడిపి, మూడు రోజులు ఎండలో నిలబడి రేసు చూసి, మళ్లీ 400 నడపాలి. నేను మలేషియాలో సెపాంగ్ రేసుకు రెండుసార్లు వెళ్లాను. కౌలాలంపూర్ ఎయిర్‌పోర్ట్ పక్కనే సర్క్యూట్, బండి అవసరమే రాలేదు. ఆలోచించండి.

అలిపిరి_రైడర్
డిసెంబర్ 3, రాత్రి 9:58

నిజమే అన్నా. కానీ పదేళ్లుగా అనుకుంటున్న ప్రయాణం ఇది. బండి మీదే వెళ్లాలి.

చిత్తూరు_పాతబుల్లెట్
డిసెంబర్ 3, రాత్రి 11:25

తమ్ముడూ, నిద్రపోదామనుకుంటుంటే నీ పోస్టు కనిపించింది. ఇది చెప్పకుండా పడుకోలేను.

2019 అక్టోబర్‌లో నేనూ బురిరామ్‌కే బయలుదేరాను. బ్యాంకాక్‌లో 300 సీసీ బండి అద్దెకు తీసుకున్నాను. శనివారం సాయంత్రం, 24వ నంబర్ రోడ్డు మీద నాంగ్ రాంగ్ ఇంకో పది కిలోమీటర్లు ఉందనగా వాన వెలిసింది. రోడ్డు పని జరుగుతున్నచోట లారీల నుంచి ఎర్రమట్టి పడి తారు మీద పేస్టులా పరుచుకుని ఉంది. ముందు చక్రం జారింది. స్పీడు నలభై కూడా లేదు. ఎదురుగా ఎవరూ లేరు, ఎవర్నీ గుద్దలేదు. బండి నా ఎడమ కాలి మీద పడింది, చీలమండ విరిగింది.

ఆ మర్నాడే రేసర్ మార్కెజ్ చివరి మలుపులో తోటి రేసర్ క్వార్టరారోను దాటి, రేసూ గెలిచి, టైటిల్ కూడా అక్కడే కొట్టాడు. నేను ఆ రేసును సర్క్యూట్‌కు గంటన్నర దూరంలో, ఆస్పత్రి మంచం మీద, పక్క మంచం అబ్బాయి ఫోన్‌లో చూశాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. అక్కడ ప్రతి బండికీ తప్పనిసరి ఇన్సూరెన్స్ ఉంటుంది. దాని కింద ఎవరి తప్పని అడక్కుండా 30 వేల బాత్ దాకా ఆస్పత్రి ఖర్చు ఇచ్చారు. అది ఆపరేషన్ టేబుల్ ఎక్కకముందే అయిపోయింది. మిగతాది లక్షకు పైగా బాత్. నా దగ్గర ఇక్కడ కొన్న ట్రావెల్ పాలసీ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. వాళ్లు అడిగిన మొదటి కాగితం ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. పంపాను. రెండు రోజుల తర్వాత క్లెయిమ్ కుదరదని మెయిల్ వచ్చింది.

ఎందుకో తెలుసా? ఆ పర్మిట్ పుస్తకంలో చివర ఫోటో ఉండే పేజీ చూడు. ఏ, బీ, సీ, డీ, ఈ అని వరుసగా ఉంటాయి. ఏ అంటే మోటార్‌సైకిల్, బీ అంటే కారు. మనకు ఏది నడిపే అర్హత ఉందో దాని ఎదురుగా ముద్ర వేస్తారు. నా పుస్తకంలో బీ ఎదురుగా ముద్ర ఉంది. ఏ ఎదురుగా ఖాళీ. కాలేజీ రోజుల నుంచి నాన్న బుల్లెట్ నడిపినవాణ్ణి. నా లైసెన్సు మాత్రం కారు టెస్టుకు తీసుకున్నది. అందులో ఎల్ఎంవీ, అంటే కారు, ఒక్కటే ఉంది. ఇరవై ఏళ్లలో చెక్ పోస్టుల్లో కార్డు చూపించానే గానీ, అందులో ఏం రాసి ఉందో నేనూ చదవలేదు, ఆపినవాళ్లూ చదవలేదు. కాబట్టి ఆ కంపెనీ లెక్క ప్రకారం నేను లైసెన్సు లేకుండా బండి నడిపినవాణ్ణి.

ఇంట్లో ఆమె గాజులు బ్యాంకులో పెట్టి డబ్బు పంపింది.

మీ ఇద్దరి లైసెన్సుల మీద ఏం రాసుందో రేపు పొద్దున్నే చూడు తమ్ముడూ. మిగతా డౌట్లు ఆ తర్వాత.

అలిపిరి_రైడర్
డిసెంబర్ 4, ఉదయం 7:05

అన్నా, రాత్రి చదివి నిద్ర పట్టలేదు. ఇప్పుడే చూశాను. నా కార్డులో ఎంసీడబ్ల్యూజీ (గేర్లున్న బైక్), ఎల్ఎంవీ రెండూ ఉన్నాయి. బావకు ఫోన్ చేసి ఫోటో పెట్టమన్నాను. ఎల్ఎంవీ ఒక్కటే ఉంది. ఆయన పదిహేనేళ్లుగా రోజూ బండి మీదే ఆఫీసుకు వెళ్తున్నాడు.

పుత్తూరు_పాలసీ
డిసెంబర్ 4, ఉదయం 10:30

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. పాతబుల్లెట్ గారికి జరిగింది చాలామందికి జరుగుతుంది. ఒకసారి వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

‘ఇన్సూరెన్స్ ఇంక్లూడెడ్’ అన్న మాటను అలాగే తీసుకోకండి తమ్ముడూ. ప్రమాదం జరిగితే నాలుగు బిల్లులు వస్తాయి. ఎదుటి మనిషి గాయాల బిల్లు, ఎదుటి వాళ్ల బండి లేదా గోడ బిల్లు, మన అద్దె బండి బిల్లు, మన ఒంటి బిల్లు. షాపువాణ్ణి అడగాల్సింది ఇన్సూరెన్స్ ఉందా అని కాదు, ఈ నాలుగింటిలో ఏ బిల్లు ఎవరు కడతారు అని.

థాయిలాండ్‌లో చట్టప్రకారం ప్రతి బండికీ ఉండాల్సిన ఇన్సూరెన్స్‌ను పొ రొ బొ అంటారు. 1992 నాటి చట్టం. అది మనుషుల గాయాలకు, ప్రాణనష్టానికి మాత్రమే. తప్పు ఎవరిదో తేలకముందు ఆస్పత్రి ఖర్చు కింద 30 వేల బాత్ దాకా ఇస్తుంది. వెనక కూర్చున్నవాళ్లకూ వర్తిస్తుంది. బండికి, కారుకు, గోడకు జరిగిన నష్టానికి ఒక్క బాత్ ఇవ్వదు. చాలా షాపుల్లో ఉండేది ఇది ఒక్కటే. చట్టప్రకారం ఇన్సూరెన్స్ ఉన్నట్టే కాబట్టి వాళ్లు అబద్ధం చెప్పినట్టు కూడా కాదు.

దాని పైన స్వచ్ఛందంగా తీసుకునే పాలసీలు ఉంటాయి. థర్డ్ క్లాస్ అయితే ఎదుటివాళ్ల నష్టం కడుతుంది. ఫస్ట్ క్లాస్ అయితే మన బండికి కూడా కడుతుంది. మధ్యలో 2 ప్లస్ అని ఒకటుంది, దాని దగ్గరే చాలామంది పొరబడతారు. ఇంకో వాహనంతో గుద్దుకుంటేనే అది మన బండికి కడుతుంది. పాతబుల్లెట్ గారిలా ఒంటరిగా మట్టిలో జారిపడితే ఇవ్వదు. అద్దె బండ్లు ఎక్కువగా పడేది అలాగే. ఫస్ట్ క్లాస్ ఉన్నా ‘ఎక్సెస్’ అని ఒక మొత్తం మన మీదే ఉంటుంది. ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇంకొకటి. ఆ పాలసీ బండిని అద్దెకు తిప్పడానికి తీసుకున్నదా, సొంత వాడకానికి తీసుకున్నదా అని అడగండి. మన తిరుపతి బస్టాండ్ చుట్టుపక్కల చూడండి. అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత బండ్లనే రోజుకు ఇంత అని ఇచ్చేవాళ్లు ఎంతమంది లేరు! ప్రమాదం జరిగితే ఆ పాలసీ మీద తగువు పడుతుంది. అక్కడా అంతే.

ఇక నాలుగో బిల్లు, మన ఒళ్లు. అది ట్రావెల్ పాలసీ చూసుకోవాలి. టికెట్ కొనేటప్పుడు ఒక టిక్కు పెట్టి తీసుకున్న పాలసీ అయితే దాని పూర్తి వర్డింగ్ డౌన్‌లోడ్ చేసి ‘మినహాయింపులు’ పేజీ చదవండి. కొన్నిటిలో అద్దె టూవీలర్ నడపడం అసలు కవర్ కాదు. కొన్నిటిలో ఇన్ని సీసీల లోపే అని ఉంటుంది. లైసెన్సు, హెల్మెట్ లేకపోయినా, మందు తాగి ఉన్నా మామూలుగా రాదు. ఫలానా సీసీ బండి అద్దెకు తీసుకుని నడుపుతాను, కవర్ అవుతుందా అని కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. కాల్ సెంటర్ వాళ్లు నోటితో చెప్పింది క్లెయిమ్‌లో పనికిరాదు. ఆ పాలసీలో పర్సనల్ లయబిలిటీ అని ఉంది కదా, మనం ఎవర్నైనా గుద్దితే కడుతుందిలే అనుకోకండి. మోటారు వాహనం నడుపుతూ చేసిన నష్టాన్ని మామూలుగా అందులోంచి తీసేస్తారు.

రేసు చూడటానికి వెళ్లడంతో ఇబ్బంది లేదు. కానీ ట్రాక్ మీద నడిపే అవకాశం ఎవరైనా ఇచ్చినా అద్దె బండితో ఎక్కకండి. అద్దె ఒప్పందం, బండి పాలసీ, ట్రావెల్ పాలసీ మూడూ అక్కడితో ఆగిపోతాయి.

పాకాల_జంక్షన్
డిసెంబర్ 4, మధ్యాహ్నం 1:15

అక్కా, మన ఇండియా బండి పాలసీ ఏమైనా పనికొస్తుందా? నా పాలసీలో విదేశాలకు పొడిగించుకోవచ్చని ఏదో చదివినట్టు గుర్తు.

పుత్తూరు_పాలసీ
డిసెంబర్ 4, మధ్యాహ్నం 2:02

ఆ పొడిగింపు మన సొంత బండిని తీసుకెళ్తేనే. అదీ నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్, మాల్దీవులకు మాత్రమే, అదనంగా కట్టి రాయించుకుంటే. థాయిలాండ్ అద్దె బండికీ దానికీ సంబంధం లేదు.

శ్రీకాళహస్తి_సింగిల్‌సిలిండర్
డిసెంబర్ 4, రాత్రి 8:47

మొన్న మార్చి 2న మార్కెజ్ గెలిచిన రేసుకు నేనున్నాను. బండి మీదే వెళ్లాం, నాలుగు బండ్లు. రోడ్లు బాగుంటాయి, మనలాగే ఎడమవైపు నడపడం కాబట్టి అలవాటు పడటానికి గంట చాలు. ఒకటి గుర్తుపెట్టుకోండి. బ్యాంకాక్‌లో ఎక్స్‌ప్రెస్‌వేల మీద, మోటర్‌వేల మీద మోటార్‌సైకిళ్లను రానివ్వరు. మ్యాప్‌లో టోల్ రోడ్లు వద్దని పెట్టుకోవాలి. ఊరు దాటాక సరబురి మీదుగా 2వ నంబర్ రోడ్డు, సిఖియో దగ్గర కుడికి తిరిగి 24.

పాస్‌పోర్ట్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. అది వాళ్ల చేతిలో ఉన్నంతసేపూ వాళ్లు చెప్పిందే రేటు. మేము రెండు షాపులు వదిలేసి, నగదు డిపాజిట్ తీసుకునే మూడో షాపుకు వెళ్లాం. క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేసే షాపులూ ఉన్నాయి. ఫారెక్స్ కార్డు మీద ఆ బ్లాక్ చాలాచోట్ల కుదరదు, కాబట్టి లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు ఒకటి పట్టుకెళ్లండి.

బండి తీసుకునేటప్పుడు మా ఫ్రెండ్ ఒకడు పది నిమిషాలు వీడియో తీశాడు. మేమంతా లేటవుతోందని తొందరపెట్టాం. వాడు వినలేదు. ట్యాంకు, హ్యాండిల్ చివరలు, లివర్ల కొనలు, ఫుట్‌పెగ్ కింద, సైలెన్సర్ లోపలివైపు, ఓడోమీటర్, టైర్ల గాళ్లు అన్నీ తీశాడు. షాపు బోర్డూ, షాపతన్నీ కూడా ఫ్రేములోకి తెచ్చి ఆ రోజు తేదీ గట్టిగా చెప్పాడు. తిరిగిచ్చిన రోజు సాయంత్రం షాపతను ఫోన్ టార్చ్ వేసుకుని బండి పక్కన గొంతుక్కూర్చుని గీతలు లెక్కపెట్టాడు. ఎనిమిది చోట్ల చాక్‌పీసుతో గుర్తులు పెట్టి, క్యాలిక్యులేటర్‌లో 18,000 అని కొట్టి చూపించాడు. మా వాడు ఏమీ మాట్లాడకుండా వీడియో తెరిచి ఒక్కో గీత దగ్గరా ఆపి చూపించాడు. ఆరు పాతవి, ఒకటి బురద. మిగిలిన ఒక్క బ్రేక్ లివర్‌కు డబ్బులిచ్చి డిపాజిట్ వెనక్కి తీసుకున్నాం. నేను వీడియో తియ్యలేదు. నా డిపాజిట్‌లో ఐదో వంతు పోయింది.

పలమనేరు_టు_మాంచెస్టర్
డిసెంబర్ 5, తెల్లవారుజామున 3:20

ఇక్కడి నుంచి ఒక అనుభవం కలుపుతాను. థాయిలాండ్ కాకపోయినా ఎవరికైనా పనికొస్తుంది.

నేను పోయినేడాది ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో టీటీ అనే బైక్ రేసులు చూడ్డానికి వెళ్లాను. 1907లో మొదలైన రేసులు, ఊళ్ల మధ్య మామూలు రోడ్ల మీదే 60 కిలోమీటర్ల ల్యాప్. మాంచెస్టర్‌లో బండి అద్దెకు మాట్లాడుకున్నాను. కాగితాల్లో ‘యునైటెడ్ కింగ్‌డమ్ లోపల’ కవర్ అని ఉంది. ఫెర్రీ టికెట్ కూడా కొనేశాక ఒక మిత్రుడు అడిగాడు, ఐల్ ఆఫ్ మ్యాన్ యూకేలో భాగం కాదు కదా అని. వీసా విషయంలో యూకే వీసా సరిపోతుంది. కానీ అది వేరే పాలన, వేరే చట్టాలు ఉన్న దీవి. షాపువాణ్ణి అడిగితే, దీవికి తీసుకెళ్లాలంటే ముందే చెప్పి పాలసీలో ఆ పేరు రాయించుకోవాలన్నాడు. పైగా టీటీ రెండు వారాలకు తన ఇన్సూరర్ అసలు ఒప్పుకోడని చెప్పాడు. చివరికి బండి లేకుండా ఫెర్రీ ఎక్కాను. అక్కడ చూశాక వాళ్లు ఎందుకు ఒప్పుకోరో అర్థమైంది. ఊళ్లు దాటాక చాలా రోడ్ల మీద స్పీడ్ లిమిటే లేదు. రేసులు లేని గంటల్లో అదే కొండ రోడ్డు మీద వన్‌వే పెట్టి అందర్నీ వదులుతారు. చూడ్డానికి వచ్చినవాళ్లు తాము కూడా రేసర్లమే అనుకుని నడుపుతారు. పడిపోయినవాళ్లను హెలికాప్టర్‌లో తీసుకెళ్తుంటే చూశాను.

జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌కు వెళ్లేవాళ్లకూ ఇదే మాట. టోల్ కట్టి ఎవరైనా ఎక్కే రోడ్డే అయినా, మామూలు అద్దె ఒప్పందాల్లో దాని పేరు పెట్టి మరీ మినహాయిస్తారు. వెళ్లే చోటు పేరు పాలసీలో ఉందో లేదో కళ్లారా చూసుకోవాలి.

అలిపిరి_రైడర్
డిసెంబర్ 6, రాత్రి 10:10

అందరికీ చేతులెత్తి దండం. ఈ మూడు రోజుల్లో చేసినవి చెప్తాను.

మొదటి షాపును నాలుగు బిల్లుల గురించి అడిగాను. ‘నో వర్రీ’ అని ఒక బొమ్మ పంపారు. మళ్లీ అడిగితే జవాబు లేదు. ఇంకో షాపు వాళ్లు మాత్రం ఓపికగా మెయిల్ రాశారు. ఫస్ట్ క్లాస్ ఉంది, అద్దె వాడకానికే తీసుకున్నది, ఎక్సెస్ 15,000 బాత్. కనీసం రెండేళ్ల పాత బైక్ లైసెన్సు ఉన్నవాళ్లకే బండి ఇస్తామన్నారు. రోజుకు అద్దె ఎక్కువే, అయినా వాళ్ల దగ్గరే తీసుకుంటున్నాం. ట్రావెల్ పాలసీ చదివాను, అందులో 150 సీసీ దాకానే. ఆ పాలసీ క్యాన్సిల్ చేసి వేరేది చూస్తున్నాను.

బావ సంగతే బాధగా ఉంది. ఏం చెయ్యాలి?

చిత్తూరు_పాతబుల్లెట్
డిసెంబర్ 6, రాత్రి 10:42

బావగారిని రేపే ఎల్ఎల్ఆర్‌కు (లెర్నర్ లైసెన్సుకు) అప్లై చెయ్యమను. ఉన్న లైసెన్సుకే ఎంసీడబ్ల్యూజీ చేర్పించుకోవాలి. ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత టెస్టుకు వెళ్లొచ్చు. అయితే కొత్త లైసెన్సుతో ఆ షాపు బండి ఇవ్వదు కాబట్టి ఈసారికి నీ వెనక కూర్చోవాల్సిందే. ఒక బండి, ఇద్దరు మనుషులు, తక్కువ లగేజీ. హాయిగా వెళ్లొచ్చు. అయినా ఆయన లైసెన్సు చేయించుకోవాలి. రోజూ ఆఫీసుకు వెళ్లేదీ ఆ బండి మీదే కదా.

నీ ఇంటర్నేషనల్ పర్మిట్‌కు ప్రభుత్వ సారథి వెబ్‌సైట్‌లో అప్లై చేసి ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లు. ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది. పుస్తకం చేతికిచ్చిన వెంటనే కౌంటర్ దగ్గరే తెరిచి ఏ ఎదురుగా ముద్ర ఉందో లేదో చూసుకో. లేకపోతే అక్కడి నుంచి కదలొద్దు. లైసెన్సు కార్డు కూడా పట్టుకెళ్లు, ఫోన్‌లో డిజిలాకర్ మన దేశంలోనే.

పుత్తూరు_పాలసీ
డిసెంబర్ 7, ఉదయం 9:15

పాలసీ నంబర్, 24 గంటల హెల్ప్‌లైన్ నంబర్ ఒక కార్డు మీద రాసి ఇద్దరి జేబుల్లోనూ పెట్టుకోండి. ఫోన్ పగిలిపోతే ఆ కార్డే దిక్కు. ఏదైనా జరిగితే ఆస్పత్రిలో చేరగానే ఆ నంబర్‌కు చెప్పాలి, డిశ్చార్జ్ అయ్యాక కాదు. పోలీస్ రిపోర్టు, ఒరిజినల్ బిల్లులు అక్కడే తీసుకోండి. ఇక్కడికి వచ్చాక తెప్పించడం చాలా కష్టం.

శ్రీకాళహస్తి_సింగిల్‌సిలిండర్
డిసెంబర్ 7, ఉదయం 11:38

హెల్మెట్లు మీవే తీసుకెళ్లండి, ఇద్దరివీ. షాపులో ఇచ్చేవి వదులుగా ఉంటాయి. 24 మీద వెళ్తూ ఫనోమ్ రుంగ్ తప్పకుండా చూడండి. చల్లారిన అగ్నిపర్వతం మీద వందల ఏళ్ల నాటి శివాలయం, ఖ్మేర్ రాజుల కాలానిది. నేను ముక్కంటి ఊరివాణ్ణి. అంత దూరంలో మెట్లెక్కి ఆ శివలింగం ముందు నిలబడితే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అలిపిరి_రైడర్
ఫిబ్రవరి 4, సాయంత్రం 6:20

పర్మిట్ వచ్చింది. కౌంటర్ దగ్గరే తెరిచి చూశాను. ఏ ఎదురుగా ముద్ర ఉంది, బీ ఎదురుగా ఉంది. కొత్త ట్రావెల్ పాలసీ వాళ్లు 500 సీసీ అద్దె బండి కవర్ అవుతుందని మెయిల్‌లో రాసిచ్చారు. ప్రింట్ తీసుకున్నాను. బావ జనవరి చివర్లో టెస్టు పాసయ్యాడు, లైసెన్సులో ఎంసీడబ్ల్యూజీ చేరింది. కానీ ఈసారి వెనకే కూర్చుంటానన్నాడు, వీడియో తీసే పని తనదేనట.

పాతబుల్లెట్ అన్నా, మీకు ఒక మాట. మీరు కూడా వస్తారా? మాతో విమానంలో వచ్చి బ్యాంకాక్ నుంచి రైలెక్కండి, బురిరామ్ స్టేషన్‌లో మేమే కలుస్తాం. ఆదివారం మెయిన్ స్టాండ్‌లో ముగ్గురం పక్కపక్కన కూర్చుందాం. టికెట్లు ఇంకా ఉన్నాయి, చూశాను.

చిత్తూరు_పాతబుల్లెట్
ఫిబ్రవరి 4, రాత్రి 9:03

ఇంట్లో ఆమెకు నీ మెసేజ్ చదివి వినిపించాను. వెళ్లిరమ్మంది. టికెట్ లింక్ పంపు తమ్ముడూ.